నా భయానికి ఆయన డ్యూటీ మార్చారు

బొగ్గుబాయిలో పనిచేసేవాడి భార్య భయపడితే ఎవరికీ వింత కాదు. మా సెంటినరీ కాలనీలో ఏ క్వార్టర్ తలుపు తట్టినా ఆ భయం ఉంటుంది. అందుకే నా జబ్బును ఎవరూ జబ్బు అనుకోలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాప పుట్టిన కొన్ని నెలలకు మొదలైంది. మెడ బిగుసుకుపోయేది. ముద్ద గొంతు దిగేది కాదు. ఒళ్లు అలసిపోయి ఉన్నా నిద్ర పట్టేది కాదు. పాప ఎక్కువసేపు పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. లేచి ఏడిస్తే ఏదో రోగం వచ్చిందనుకునేదాన్ని. గ్యాస్ కట్టేశానని తెలిసీ మళ్లీ వెళ్లి చూసేదాన్ని. ఒక ఫికర్ తీరితే దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చునేది. డిగ్రీ చదివినదాన్ని, ఇదంతా అతి అని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగలేదు.

అత్తమ్మకు మాత్రం కారణం వెంటనే దొరికింది. కొడుకు అండర్‌గ్రౌండ్ దిగుతున్నాడు, చదువుకున్న కోడలు తట్టుకోలేకపోతోంది. మామయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆయన్ని బాయికి పంపిన మనిషి ఆమె. "నేను గూడ గిట్లనే మూలకు కూసుంటే నీ మొగన్ని ఎవరు సాదుదురు?" అనేది. అంటూనే, చుట్టాలందరినీ పోగేసి మా ఆయన్ని కొన్నాళ్లు బాయిలోకి దింపకుండా పైన ఉంచాలని తీర్మానం చేసింది. తెలిసినవాళ్లను పట్టుకున్నారు, బతిమాలారు, స్టోర్‌లో డ్యూటీ వేయించారు. అది నాకు మందు అన్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

మా ఆయనకు కింద పనంటే ఇష్టం. తన జట్టు అక్కడే ఉంది. వయసు మీదపడ్డవాళ్లూ, ఆరోగ్యం చెడినవాళ్లూ చేసే పని తనకెందుకని ఆయన బాధ. జట్టులో వరసకు బావమరిది అయ్యే అతను ఒకరోజు, "ఏం బావా, చాయ్ తాగనీకి అక్క పర్మిషన్ ఇచ్చిందా?" అన్నాడట. అన్నం తింటూ ఆయన నవ్వుతూనే చెప్పాడు. నా వైపు మాత్రం చూడలేదు.

ఆయన పైపనికి వచ్చాక నా జబ్బు ముదిరింది. బాయిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కాబట్టి అంతకుముందు షిఫ్టు అయ్యేదాకా చేసేదేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఆయన జేబులో ఫోన్ ఉంది. చేసేదాన్ని. గొంతు వినగానే ప్రాణం కుదుటపడేది. గిన్నెలు తోమి వచ్చేసరికి మళ్లీ చేయి ఫోన్ మీదికి పోయేది. ఒక మధ్యాహ్నం ఆయన ఎత్తలేదు. పాపను చంకనేసుకుని షేర్ ఆటో ఎక్కి గేటు దాకా పోయాను. ఆయన లోపల టిఫిన్ డబ్బా ముందు కూర్చుని ఉన్నాడు. గేటు దగ్గరున్న వాళ్లంతా నన్నే చూశారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇంకేం భయమే నీకు? పైననే ఉన్న గద," అన్నాడు.

అందరూ అదే అడిగారు, తప్పంతా నాదేనన్నట్టు. భయానికి బాయి కారణం కాదని ఆ ప్రశ్నలోనే ఉంది. అది ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. పిచ్చి డాక్టర్ దగ్గరికా అని అత్తమ్మ నోరు నొక్కుకున్నా వినకుండా, ఆయన్ని వెంటబెట్టుకుని మంచిర్యాల పోయాను.

డాక్టరమ్మ అన్నీ విన్నది. థైరాయిడ్ పరీక్ష చేయించింది. సెలవు రోజు ఆయన ఇంట్లో ఉంటే భయం తగ్గేదా అని అడిగింది. లేదన్నాను. పెళ్లికి ముందో? అప్పుడూ ఉండేది, పరీక్షల మీద, అమ్మ ఆరోగ్యం మీద.

"అయితే ఇది బాయి భయం కాదమ్మా. ఏది దొరికితే దాని మీద వాలే భయం," అన్నది.

దానికి జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అని పేరుందట. పాపకు పాలిస్తున్నానని చెబితే దానికి తగ్గ మాత్రలు రాసింది. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తనను అడగకుండా ఆపొద్దని చెప్పింది. మొదట్లో వాటితో కడుపులో తిప్పింది. కౌన్సెలింగ్ చేసే ఆమె ఫోన్ సంగతి పట్టుకుంది. చేసిన ప్రతిసారీ భయానికి మేత వేస్తున్నానట. చేయాలనిపించినప్పుడు ఆగి, భయం పెరిగి దానంతటదే దిగడం చూడమన్నది. చున్నీ కొస పళ్ల మధ్య పెట్టుకుని ఆగిన రోజులున్నాయి. అది మెల్లగా దిగింది. కొన్ని రోజులు దిగలేదు కూడా.

అన్నం గొంతు దిగడం మొదలయ్యాక ఆయన ఒకరోజు, "మల్ల కిందికి పోదామనుకుంటున్న. నువ్వేమంటవ్?" అన్నాడు. ఇన్నాళ్లకు ఒకరు నన్ను అడిగారు.

"పో. నీ డ్యూటీ నాకు మందు గాదు," అన్నాను.

మొన్న నేను వెనకాల బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ పక్కింటి అక్కతో చెబుతోంది. కొడుకును కొన్ని నెలలు పైన ఉంచారట, కోడలి భయం ఇరిగిపోయిందట. చేతిలో తడిచీర అలాగే పట్టుకుని వాళ్ల దగ్గరికి పోయాను.

"ఇరగలేదు అత్తమ్మా. జబ్బు ఉన్నది. గోళీలు ఏసుకుంటున్న."

"మెల్లగ మాట్లాడు బిడ్డా, అందరు ఇంటరు."

"ఇననీ."

ఇంకొంచెం గట్టిగా మొదటి నుంచి చెప్పాను, ఎప్పుడు మొదలైందో, ఎట్లా ఉండేదో, ఏ డాక్టర్ దగ్గరికి పోయానో. పక్కింటి అక్క చీపురు గోడకు ఆనించి నిలబడింది. అత్తమ్మ లోపలికి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. బాయి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.