నాగరత్నమ్మ కంబళి

బేతంచెర్లలో నాగరత్నమ్మ ఇంటికి వెళ్లేవాళ్లు గడప దాటగానే కాళ్ల కిందికి చూసుకునేవాళ్లు. చూసుకోకపోతే ఏ కుక్క తోకో, ఏ పిల్లవాడి వేలో తొక్కడం ఖాయం. నలుగురు పిల్లలు, ఒక కుక్క, ఒక పిల్లి. అవి చాలవన్నట్టు తల్లి చచ్చిపోయిన మేకపిల్లనొకదాన్ని పిల్లలు ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చి పెంచుతున్నారు. భర్త కేశవయ్యకు బజారులో కిరాణా అంగడి ఉంది. ఇల్లంతా నున్నటి నాపరాయి నేల. ఎండాకాలం హాయిగానే ఉంటుంది గానీ, చలికాలం దానిమీద కూర్చుంటే ప్రాణం జివ్వుమంటుంది.

ఆ ఇంట్లో లేనిదల్లా సొంత జంఖానా. శుభకార్యం వస్తే ఎదురింటి సుబ్బరత్నమ్మను అడిగి తెచ్చుకోవడం ఆ వీధిలో అందరికీ అలవాటే. ఇచ్చేటప్పుడు సుబ్బరత్నమ్మ నవ్వుతూనే ఇస్తుంది. తిరిగి పుచ్చుకునేటప్పుడే ఆమె అసలు రూపం బయటపడుతుంది. శ్రావణమాసం పేరంటం మర్నాడు నాగరత్నమ్మ జంఖానా చుట్టి తీసుకువెళితే, ఆ మహాతల్లి దాన్ని వీధి అరుగుమీదే పరిపించింది. ఒక మూల మరక కనబడింది. వంగి వాసన చూసింది.

"ఏమ్మే నాగరత్నా, మీ ఇంట్లో ఉండేది పిల్లలా, సంతనా?" అంది, దారిన పోయేవాళ్లు ఆగి వినేటట్టు.

మరక మేకపిల్లది. నాగరత్నమ్మ జంఖానాను బావి దగ్గరికి మోసుకుపోయి, ఉతికి, ఆరేసి, మడత పెట్టి ఇచ్చి వచ్చింది. వంటింట్లోకి వచ్చాక కరువుతీరా ఏడ్చింది. ఏడుపు తీరాక కొంగుతో ముఖం తుడుచుకుని, ఇక తన ఇంట్లో శుభకార్యం ఎరువు తెచ్చిన గుడ్డమీద జరగకూడదని గట్టిగా అనుకుంది.

మాఘంలో చిన్నవాడికి అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. సొంతంగా ఏదైనా కొందామంటే కేశవయ్య సరేనన్నాడు, ఒక షరతుతో.

"మంచిదే కొందాం. అది ఇంట్లోకొచ్చిన దినం కుక్కా మేకా బయటికి పోవల్ల. అవి ఉంటే ఏం పరిచినా దండగే."

పిల్లలు మేకపిల్లను కావలించుకుని గోల పెట్టారు. కేశవయ్య చెడ్డవాడేం కాదు. కాకపోతే, కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని వానలో నడిచి వచ్చే రకం. అలాంటివాడితో వాదించి లాభం లేదని నాగరత్నమ్మకు తెలుసు. మేక ఉండాలి, పరుచుకునేదీ ఉండాలి. ఆ రెండూ కుదిరే వస్తువు ఎక్కడో ఉండకపోదని ఆమె ధైర్యం.

కార్తీకమాసంలో ఇద్దరూ కర్నూలు వెళ్లారు. ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పటినుంచి అక్కడి అంగళ్లలో దొరకని వస్తువు లేదు. అంగడివాడు గులాబీపూల తివాచీ ఒకటి వాళ్ల ముందు దొర్లించి, "ఇది పరిస్తే మీ ఇల్లు కలెక్టరు బంగళా మాదిరి ఉంటాదమ్మా" అన్నాడు.

"మేకపిల్ల దీనిమీద ఉచ్చ పోస్తే?" అని అడిగింది నాగరత్నమ్మ.

అంగడివాడు కేశవయ్య వైపు చూశాడు. కేశవయ్య వీధిలో పోతున్న జట్కాను మహా శ్రద్ధగా చూస్తున్నాడు. తర్వాత అంగడివాడు చారల జంఖానా ఒకటి తీశాడు. నాగరత్నమ్మ తడివేలితో రుద్దితే రంగు వేలికి అంటింది. గోటితో గీరితే పోగు లేచి వచ్చింది. పిల్లి ముందర ఇది ఒక పూట కూడా నిలవదని చెప్పి లేచి నిలబడింది.

వట్టి చేతులతో తిరుగు రైలెక్కారు. ద్రోణాచలం దాకా కేశవయ్య దండగైన టిక్కెట్ల డబ్బు లెక్క వేస్తూనే ఉన్నాడు. అక్కడ బండి మారాలి. ముసురు పట్టింది. ప్లాట్‌ఫారం చివర ఒక గొర్రెలకాపరి నల్ల కంబళి కప్పుకుని నిలబడ్డాడు, చంకలో గొర్రెపిల్ల. వాన తెరిపి ఇవ్వగానే కంబళి తీసి రెండుసార్లు విదిలించాడు. నీళ్లన్నీ రాలిపోయాయి. దాన్నే కింద పరుచుకుని కూర్చుని సద్ది మూట విప్పాడు. గొర్రెపిల్ల దానిమీద ఇష్టమొచ్చినట్టు గంతులు వేసింది.

"ఏమండీ, మనకు కావాల్సింది ఆడ ఉండాది చూడండి!" అంది నాగరత్నమ్మ.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? గొర్రెలు కాసుకునేవాళ్లు కప్పుకునేది తెచ్చి సావిట్లో పరిస్తే నలుగురూ నగరా?"

ఇంటికి వచ్చాక కేశవయ్య తల్లి దగ్గర పంచాయితీ పెట్టాడు. ఆమెకు మడి పట్టింపు ఎక్కువ. పిల్లలు తాకిన జంఖానామీద కూడా కూర్చోదు, కాబట్టి తన పక్షమే మాట్లాడుతుందని అతని నమ్మకం. ఆమె జపమాల పక్కన పెట్టి, కొడుకును ఎగాదిగా చూసింది.

"ఉన్నికి మైల యాడిదిరా? నేను పూజకు కూర్చునేది దేనిమీద? కంబళి ముక్కమీదే గదా! కుక్క తొక్కినా, పిల్లోళ్లు పొర్లినా దానికి మైల లేదు. నీ పెండ్లాం తెలివైంది, ఊరికుండు."

అత్తగారి నోట ఆ మాట విని నాగరత్నమ్మ పొంగిపోయింది. పెళ్లయినప్పటినుంచీ ఆ మాటకోసమే ఎదురు చూసినట్టు ఆమెకు అనిపించింది. మర్నాడే కంబళ్లు నేసే బసవన్న ఇంటికి వెళ్లింది. సావిడంత పొడుగూ వెడల్పూ చెప్పేసరికి, ఉన్ని వడుకుతున్న అతని భార్య హంపమ్మ రాట్నం ఆపేసింది.

"అంత పెద్దదా! ఎవురికి సెట్టెమ్మా, ఏనుక్కా?"

"మా ఇంట్లో ఉండే మందకు" అంది నాగరత్నమ్మ.

బసవన్న పట్టీలు పట్టీలుగా నేశాడు. హంపమ్మ వాటిని అంచులు కలిపి కుట్టి, చుట్టూ ఎర్ర ఉన్ని పోగు వేసింది. నీళ్లు దిగకుండా చింతగింజల గంజి పట్టించి, ఇద్దరూ మోసుకొచ్చి సావిట్లో పరిచారు. మేకపిల్ల వచ్చి ఒక మూల నాకి చూసింది. గంజి రుచి తగిలినట్టుంది, కూర్చుని తీరిగ్గా నాకడం మొదలుపెట్టింది. పిల్లలు కేకలు వేశారు. "మేకకు నచ్చింది. ఇంక నాకెవురి మాటా అక్కర్లేదు" అంది నాగరత్నమ్మ.

అక్షరాభ్యాసం రోజు వీధి వీధంతా వచ్చింది. సుబ్బరత్నమ్మ కంబళి అంచున, పట్టుచీర ఒద్దికగా సర్దుకుని కూర్చుంది. చిన్నవాడు పళ్లెంలో బియ్యంమీద ఓం అని దిద్దుతున్నాడు. అప్పుడే కుక్కా పిల్లీ ఒకదాని వెనక ఒకటి దూసుకొచ్చి, మజ్జిగ కడవను దొర్లించాయి. మజ్జిగంతా కంబళిమీద పారింది. కేశవయ్య కళ్లు మూసుకున్నాడు.

నాగరత్నమ్మ ఆ పక్కనున్నవాళ్లను లేపి, కంబళి కొసను రెండు చేతులా ఎత్తి, వాకిట్లోకి విదిలించింది. మిగిలిన తడిని గుడ్డతో ఒత్తింది. నల్లటి ఉన్నిమీద జాడైనా లేదు. మజ్జిగ పడిన చోటే మొదట వచ్చి కూర్చున్నది మడి కట్టుకున్న అత్తగారు. అది చూసి నవ్వనివాళ్లు లేరు. అందరికంటే పెద్దగా నవ్వింది కేశవయ్య. ఆ పూట నుంచి కుక్కను, మేకను పంపెయ్యడమనే మాట ఆ ఇంట్లో వినబడలేదు.

ఎండాకాలంలో సుబ్బరత్నమ్మ కూతురు పసివాడితో పుట్టింటికి వచ్చింది. ఒకరోజు పొద్దున సుబ్బరత్నమ్మ గడపలో నిలబడి, ఎటో చూస్తూ అడిగింది.

"నాగరత్నా, మా మనవడు పాకుతాండాడు. జంఖానామీద వదిలితే శానా పాడు చేస్తాండాడు. అన్నప్రాశనకు వచ్చినోళ్లు కూర్చోవల్ల గదా... నీ కంబళి ఒక్క దినం ఇస్తావా?"

నాగరత్నమ్మ కంబళి చుట్టి, తానే మోసుకువెళ్లి పరిచి వచ్చింది. మర్నాడు సుబ్బరత్నమ్మ దాన్ని తిరిగి తెచ్చి, అడగకముందే వాకిట్లో విప్పబోయింది. "చూసుకో మే, యాడా మరక లేదు" అంది.

అరుగుమీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని చూస్తున్నారు. నాగరత్నమ్మ గబగబా వెళ్లి చుట్టను విప్పనివ్వకుండానే చేతుల్లోకి తీసుకుంది.

"చూసేదేముందక్కా, దీనిమీద దినామూ పండుకునేది మేకే గదా! లోపలికి రా, కాఫీ తాగి పోదువుగాని."