బొంతలో సన్నది

నా చిన్నప్పుడు మా ఇంట్లో దీపం పెట్టాక సూదిని సూది అనకూడదు. పామును పురుగు అన్నట్టే దీనికీ ఇంకో పేరు ఉండేది. ఆ వేళప్పుడు సూది పేరెత్తితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అవ్వ నమ్మకం. పగలంతా సూది సూది అని కేకలేసే మనిషి, లాంతరు వెలిగించగానే దాన్ని 'సన్నది' అనేది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. ఎందుకంటే దీపం పెట్టాక కుట్టుపని పట్టుకునే అలవాటే అవ్వకు లేదు. ఎండ వాలగానే అన్నీ మూట కట్టేసేది. నేనున్నప్పుడు ఆమె ఆ మాట వాడాల్సిన అవసరం ఒక్కసారే వచ్చింది. ఆ ఒక్కసారి చాలింది, నా ప్రాణాలు తోడెయ్యడానికి.

మాది వడమాలపేట. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. నన్నూ అక్కనూ పెంచింది నాయన తల్లి, మా అవ్వ. అక్కను రేణిగుంటలో రైల్వే ఉద్యోగం చేసే అతనికి ఇచ్చాం. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మర్యాద. కానీ తల్లి లేని ఇంట్లో, చూపు ఆనని ముసలామె చేతుల్లో కాన్పేమిటని అక్క అత్తే ఆ బరువు నెత్తికెత్తుకుంది. పెట్టిన చెయ్యే, కాదనను. కాకపోతే ఆ మాట నలుగురిలో అంటూ ఉండేది. ఆడబిడ్డ పుట్టిందని కబురు వచ్చినరోజు అవ్వ ముందు నవ్వింది, ఆ వెంటనే ముఖం చిన్నబుచ్చుకుంది. "పుట్టింటోళ్లం, మనం చేసిందేముండాది?" అంటూ పెట్టె తెరిచి అమ్మ చీరలు బయటికి తీసింది.

బొంత కుట్టడమంటే పాతగుడ్డలు కలిపి పొడవడమని చాలామంది అనుకుంటారు. మా అవ్వ దగ్గర కూర్చునుంటే తెలిసేది. అడుగున ఆమె చీర, నడుమ నాయన కట్టి కట్టి మెత్తబడిన పంచెలు, పైన అమ్మ ఊదారంగు నూలుచీర. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి పోవాలి. పోనుపోను చుట్టు చిన్నదవుతుంది. చివరి కుట్టు సరిగ్గా నడిమధ్యలో పడుతుంది. పసిబిడ్డ వీపు ఆనేది కూడా అక్కడే.

అవ్వకు సూది బెజ్జం కనబడదు కాబట్టి దారం ఎక్కించే పని నాది. ఒక చుట్టు నన్నూ కుట్టనిచ్చింది. నా కుట్లు బూడిదలో కోడి నడిచినట్టు ఉన్నాయని ఎగతాళి చేసింది గానీ విప్పలేదు. ఎదురింటి టీచరమ్మ కూడా సాయంత్రాలు మా అరుగు మీదికే వచ్చి, క్రోషా కొక్కెంతో బిడ్డకు తెల్ల టోపీ అల్లేది. ముగ్గురం అట్లా కూర్చుంటే నాకు పండగలా ఉండేది. అమ్మ చీర మీద చెయ్యి పెట్టుకుని కూర్చునే భాగ్యం అంతకుముందు నాకు లేదు.

ధనుర్మాసపు చలి రోజులు. ఒక సాయంత్రం నాయన వచ్చి, తెల్లవారుజామున తిరుపతికి పనిమీద పోతున్నానని, దారిలో రేణిగుంటలో దిగుతానని చెప్పాడు. "సలి ముదిరిపోయిండాది. బొంత అయిపోతే ఇయ్యండి, బిడ్డకు పనికొస్తాది" అన్నాడు. ఇంక కాస్తే మిగిలింది. అవ్వ ఒకసారి ఆకాశం వంక చూసింది, ఒకసారి బొంత వంక చూసింది. ఏనాడూ లేనిది, లాంతరు పక్కన పెట్టుకుని కుట్టడానికి కూర్చుంది.

చివరి కుట్టు వేసి, దారం పంటితో తెంచి, అలవాటు ప్రకారం సూదిని అక్కడే గుడ్డలోకి గుచ్చింది. కళ్లు నులుముకుంటూ, "సన్నది తీసి లోపల పెట్టేయ్ మే" అంది. నా ఒళ్లో నాయన పంచెలోంచి మిగిలిన పీలిక ఒకటి ఉంది. అరిగి అరిగి ఉల్లిపొర మాదిరి అయిపోయిన గుడ్డ. దానికంటే సన్నది ఇంకేముంటుంది? తీసుకెళ్లి లోపలి గదిలో పెట్టెలో పెట్టి వచ్చాను. "పెట్టినావా?" అంది. "పెట్టినా అవ్వా" అన్నాను. అవ్వ నమ్మకంగా బొంత మడిచింది. నాయన దాన్ని తువ్వాలులో మూట కట్టి, నేను నిద్ర లేవకముందే మొదటి బస్సుకు వెళ్లిపోయాడు.

పొద్దెక్కాక వడ్ల గోనెకు చిరుగు కనబడి అవ్వ బొంత సూది అడిగింది. సూదులు గుచ్చి పెట్టే గుడ్డ ఉండలో అది లేదు.

"రాత్రి లోపల పెట్టమంటి కదా, యాడ పెట్టినావు?"

"నువ్వు పెట్టమనింది పెట్టెలోనే పెట్టినా" అని పరిగెత్తి ఆ పీలిక తెచ్చి చేతిలో పెట్టాను.

అవ్వ ఆ గుడ్డను చూసింది. నన్ను చూసింది. చేతిలో చాట మెల్లగా కింద పెట్టింది. "ఇది కాదు మే. సన్నదంటే సూది" అంది.

అరుగంతా వెతికాం. చాప దులిపాం, చీపురుతో మట్టి ఊడ్చి ఆ మట్టిని వేళ్లతో జల్లించాం. ఎక్కడా లేదు. ఇంక అది ఉండే చోటు ఒక్కటే. నా వేలంత పొడుగు సూది, బొంత నడిమధ్యన, పొరల సందున. దాని మీద ఇంకా మెడ నిలపలేని బిడ్డ. అవ్వ నన్ను తిట్టి ఉంటే ఏడ్చేసి ఊరుకునేదాన్నేమో. ఆమె మాత్రం బయలుదేరడానికి లేచింది. గబగబా చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

అప్పుడే టీచరమ్మ టోపీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. గడ్డం కింద ముడేసే తాళ్లలో ఒకటి అల్లడం అయింది, ఇంకొకటి కాలేదు. అవ్వ చెయ్యి చాచి, "ఇట్టియ్యమ్మా. రేణిగుంటకే పోతా ఉండాం" అంది. ఇంకో తాడు ఉందవ్వా అని ఆమె మొత్తుకుంటుంటే, "ఒకటి సాలు" అని టోపీ రొంటిన దోపుకుని నన్ను లాక్కుపోయింది.

పుత్తూరు నుంచి వచ్చే బస్సు ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక కిటకిటలాడుతూ ఉంది. నిలబడే వెళ్లాం. నేను అవ్వ చీర చెంగు రెండు చేతులా పట్టుకున్నాను. కళ్లు మూస్తే సూదే, తెరిస్తే సూదే. బిడ్డ కాలు ఆడిస్తోంది, ఒత్తిగిలుతోంది, అక్క పైన చెయ్యి వేసి జోకొడుతోంది. జోకొట్టే చెయ్యి తలుచుకుని చెంగు ఇంకా గట్టిగా బిగించాను. రేణిగుంట దగ్గర రైలు గేటు పడింది. గూడ్సు బండి పెట్టె వెనక పెట్టె నింపాదిగా పోతూనే ఉంది. నాకు ఉక్రోషం వచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వ నా నెత్తి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆమె గొణుగుతూ దేవుడికి మొక్కుకోవడం వినబడింది. పెద్దవాళ్లకు భయం వేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

రైల్వే ఇళ్ల వరుసలోకి అడుగుపెట్టగానే బిడ్డ ఏడుపు వినబడింది.

అక్క అత్త వాకిట్లోనే ఎదురొచ్చింది. "రాండమ్మా! పొద్దున అన్న వచ్చిపోయినాడు, మళ్లా మీరు వచ్చినారే? కాళ్లు కడుక్కోని రొంతసేపు ఈడ కూసోండి. బస్సులో వచ్చినోళ్లు ఒకేపారి పసిబిడ్డ కాడికి పోగూడదు" అంది. ఆ తర్వాత ఇంకో మాట అంది. "పొద్దన్నించీ ఏడుస్తానే ఉండాది. ఏమైందో ఏమో, తెలీలేదు."

చెప్పేయ్ అవ్వా, చెప్పేయ్ అని నా మనసు లోపల గొంతు చించుకుని అరుస్తోంది. అవ్వ కాళ్ల మీద చెంబుతో నీళ్లు పోసుకుంటూనే లోపలికి కేకేసింది. "అమ్మాయ్, బిడ్డను ఎత్తుకోని వాకిలి కాడికి రామ్మా! దూరం నుంచే సూస్తాను, నా కండ్లు కొట్టుకుంటా ఉండాయి!" అక్క బిడ్డను భుజాన వేసుకుని గడప దాకా వచ్చింది. బిడ్డ బొంత మీద నుంచి లేచింది. నేను ఊపిరి వదిలాను, సగమే.

కాసేపటికి అత్తగారు సరేనన్నాక అవ్వ బిడ్డను అందుకుంది. మెడ దగ్గర్నుంచి పిర్ర దాకా వీపంతా మెల్లగా తడిమింది. చూసేవాళ్లకు అది ముద్దు. నాకు మాత్రం ఆ వేళ్లు ఏం వెతుకుతున్నాయో తెలుసు. "గుడ్డలు తడిపేసింది దొంగముండ, ఇంగేమీ లేదు" అని నవ్వింది. అక్కేమో మురిసిపోతూ, "అమ్మ చీర కదవ్వా. పైన గుడ్డేసి దీని మీదనే పండబెడతా ఉండా. ఇంగ దేని మీదా పండబెట్టను" అంది.

అవ్వ బిడ్డను అక్కకిచ్చి, టోపీ అత్తగారి చేతిలో పెట్టి, నేరుగా గదిలోకి పోయి బొంత ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "మా తట్టు ఒక శాస్త్రం ఉండాదమ్మా. బొంత కుట్టినోళ్లు ముందు దాని మీద పొర్లాల. ఆమీటే బిడ్డకు. మావోడు తొందరపడి తెచ్చేసినాడు, అందుకే పరిగెత్తుకోని వచ్చినా" అంది.

"ఇదేం శాస్త్రం అమ్మా, నేను యాడా వినలేదే!" అని అత్తగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"వడమాలపేట శాస్త్రం" అని అవ్వ బొంత మీద పడుకుంది.

ఆ ముసలి ఒళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు పొర్లింది. అటు నుంచి ఇటు వచ్చింది. అత్తగారు నవ్వు ఆపుకోలేక పోయింది, అక్క కూడా నవ్వింది. నేను అవ్వ ముఖమే చూస్తున్నాను. నడిమధ్యలో వెల్లకిలా ఒకసారి ఆగింది. నడుం పట్టేసిందంటూ చెయ్యి వీపు కిందికి పోనిచ్చింది. కనురెప్ప కూడా ఆడలేదు. లేచి కూర్చుని, "నువ్వూ ఒక చుట్టు కుట్టినావు కదే. రా, పొర్లు" అంది.

నా ప్రాణం పైపైనే పోయింది. సూది దొరికిందా లేదా? అడగడానికి లేదు. అవ్వ ముఖంలో ఏమీ లేదు. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. పడుకున్నాను. కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి, అమ్మ చీర మీద ఒక్కొక్క వెంట్రుకంత కదిలాను. భుజం, వీపు, నడుము, ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఒళ్లంతా ఎదురుచూసింది. మెత్తగా ఉంది. ఇంకా కొంచెం పొర్లాను, మెత్తగానే ఉంది. అవతలి అంచు దాటి చల్లటి నేల తగిలాక గాని కళ్లు తెరవలేదు.

తిరుగు బస్సులో అవ్వ పైట పక్కకు జరిపి చూపించింది. రవిక అంచులో గుచ్చి ఉంది సూది. వీపు మీద, రవికకు చిక్కుడు గింజంత నెత్తురు మరక. అంత లోపలికి దిగినా నోరు మెదపని మనిషిని చూసి నాకు ఏడుపు ఆగలేదు. దొరికాక కూడా నన్నెందుకు పొర్లించావని కోపంగా అడిగాను.

"లేదని నేను సెప్తే ఇప్పుడు నమ్ముతావు, పండుకున్నాక మళ్లా బయపడతావు. నీ ఒళ్లు నీకు సెప్తే ఇంగ బయం ఉండదు" అంది. వాళ్లకెందుకు చెప్పలేదని అడిగితే పైట సర్దుకుంది. "సెప్పింటే ఆ బొంతను బయట పారేస్తారు మే. అది మీ అమ్మ చీర. మీ అక్క బిడ్డను దాని మీద పండబెట్టి నిద్దరపోవాల కదా."

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత నేను ఎన్ని బొంతలు కుట్టానో, ఎంతమంది బిడ్డలకు టోపీలూ మేజోళ్లూ అల్లానో లెక్క పెట్టుకోలేదు. టీచరమ్మ నేర్పిన క్రోషా ఇప్పటికీ చేతిలో ఆడుతుంది. విచిత్రమేమంటే, అవ్వ ఆ పూట నోటికొచ్చినట్టు కల్పించిన శాస్త్రం రేణిగుంట ఇంట్లో నిజం శాస్త్రమై కూర్చుంది. అక్క అత్త బతికున్నన్నాళ్లూ, ఎవరింట్లో బిడ్డ పుట్టినా బొంత పరిచి, "కుట్టినోళ్లు ముందు పొర్లాల" అని పట్టుబట్టేది. ఇప్పుడు ఆనాటి పసిబిడ్డ, అక్క కూతురు కూడా అంతే. మొన్న దాని మనవరాలికి నేను బొంత తీసుకుపోతే, "పిన్నమ్మా, శాస్త్రం శాస్త్రమే" అని చాప పరిచింది. మోకాళ్లు పట్టేసిన ఈ వయసులో పడుకుని పొర్లాను. పిల్లలంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టి నవ్వారు. ఆ శాస్త్రం తన వీపు కోసమే పుట్టిందని దానికి నేను చెప్పలేదు, చెప్పను కూడా.

అదే సూదితో ఇప్పటికీ కుడతాను. కుట్టడం అయ్యాక దాన్ని ఉండలో గుచ్చి, కళ్లారా చూసి, చేత్తో తడిమి మరీ లేస్తాను. అయినా పొర్లేటప్పుడు నడిమధ్యకు వచ్చేసరికి ఊపిరి బిగబడుతుంది. అవతలి అంచు దాటి నేల చల్లగా తగిలాకే బిడ్డను తెమ్మంటాను.