మస్కట్‌లో కొత్త గిన్నెలు

ముందు వినిపించేది శ్రుతిపెట్టె. జగ్గయ్యపేట సందులో, మిట్టమధ్యాహ్నం, ఒకే స్వరం తుమ్మెదలా గోడలను ఆనుకుని తిరుగుతూ ఉంటుంది. ఆ తర్వాతే సంగీతం టీచరు లలితాంబ కనిపిస్తుంది. పిల్లలు అపస్వరం పాడితే తిట్టదు. "మళ్ళీ అనవే" అంటుంది, అంతే.

రెండువేల నాలుగు వేసవిలో ఆమె మస్కట్ వెళ్ళింది. అక్కడి తెలుగు పిల్లలకు రెండు నెలలు పాట నేర్పాలి. బస ప్రమీలారాణి ఇంట్లో. ప్రమీలారాణిది వీరులపాడు, నందిగామ హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే బెంచీ. లలితాంబది మడి కట్టుకునే ఇల్లు. ఇతరులు వండినది తినదు. ఆ సంగతి ఫోనులో నసుగుతుంటే ప్రమీలారాణి నవ్వేసింది. "నాకు తెలీదటే నీ సంగతి! ముందు బయలుదేరు."

వెళ్ళేసరికి వంటింట్లో కొత్త పొయ్యి, కొత్త స్టీలు గిన్నెలు. ఇల్లంతా అగరువత్తుల వాసన. ఆమె వంట ముగించేదాకా ఎవరూ అటు తొంగిచూసేవారు కారు. లలితాంబ మురిసిపోయింది. "ప్రమీల వాళ్ళు నీచు మానేశారండీ, నా సావాసం వల్లే" అని భర్త ఉమాకాంతానికి ఫోను చేసి మరీ చెప్పింది.

మూడోవారం, ఒక శుక్రవారం మధ్యాహ్నం, కారులో మరిచిపోయిన పాటల పుస్తకం కోసం కిందికి దిగింది. ఎండకు నేల నీళ్ళలా కదులుతోంది. కారులో ప్రమీలారాణి భర్త వరప్రసాదరావు, పదేళ్ళ కూతురు రాజ్యశ్రీ. ఏసీ వేస్తే వాసన పట్టేస్తుందని అద్దాలు దించుకుని, ఒళ్ళో పేపరు పరుచుకుని, చెమటలు కక్కుతూ చేపలపులుసు తింటున్నారు.

"ఏం లేదండీ లలితగారూ," వరప్రసాదరావు ఎంగిలిచెయ్యి దాచుకున్నాడు, "కారుకి కాస్త గాలి తగులుతుందనీ..."

రాజ్యశ్రీ పకపకా నవ్వింది. "నాన్నా, నీ మీసంలో ముల్లుంది! ఆంటీ, మేం రోజూ ఇక్కడే. అమ్మ దీనికి హోటల్ కారని పేరు పెట్టింది."

లలితాంబ పైకొచ్చింది. "నాతో ఎందుకు చెప్పలేదే ప్రమీలా?"

"చెప్పడానికేముంది? మీ ఇంటికొచ్చినప్పుడు మంచినీళ్ళు తాగి, గ్లాసు నేనే కడిగి అరుగు మీద బోర్లించేదాన్ని గదా. మీ పద్ధతి నాకు అలవాటే."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బావుండేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా గుర్తుకురాని గ్లాసు, అంచున సొట్టతో సహా, లలితాంబ కళ్ళముందుకు వచ్చింది. తగలకుండా ఎత్తునుంచి నీళ్ళు పోసిన చెయ్యి తనదే.

"ఇవాళ నీ చేత్తో అన్నం పెట్టవే."

"పిచ్చిదానా! ఇంతదూరమొచ్చి నావల్ల మడి చెడతావా? ఆ పాపం నాకెందుకు?" అంటూ ప్రమీలారాణి కొత్త గిన్నెలు తుడిచి ముందుకు జరిపింది.

మిగిలిన ఐదు వారాలూ లలితాంబ వాటిలోనే వండుకుంది. కంచం ముందు కూర్చోగానే లిఫ్టు కిందికి దిగుతున్న చప్పుడు వినిపించేది. 

ఊరు చేరేసరికి, ఆమె నీచు మాన్పించిన కథ ఉమాకాంతం సందంతా చెప్పి ఉన్నాడు. అందరూ మెచ్చుకుంటుంటే ఆమె తలవంచుకుని వింది. కాదని అనలేదు.

ఇన్నేళ్ళకు ఇదంతా కథలు రాసే నాకు చెప్పి, గేటుదాకా వచ్చి నిలబడింది.

"పేర్లు మార్చకు నాయనా. ప్రమీల నన్ను ఒక్క మాట అనలా. చదివినవాళ్ళయినా ఎవరో ఒకరు అంటారు."