లైన్ మీద ఉన్న మనిషి

పొద్దున్నుంచి ఒక కొరియర్ కంపెనీకి ఫోన్ చేసి చెవికి ఆనించుకుని కూర్చున్నాను. అవతలి నుంచి సంగీతం వస్తోంది. కీ ఇచ్చిన బొమ్మలోంచి వచ్చే మోతలాగా ఒకటే ముక్క తిరిగి తిరిగి వస్తోంది. మధ్యమధ్యలో ఒక ఆడగొంతు నా కాల్ తమకు చాలా ముఖ్యమని చెబుతుంది. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదా తల్లీ అని నేననుకునేలోపు మళ్ళీ సంగీతం. నేను మైసూరుకు అమ్మిన పసుపు పార్సిల్ ఒకటి దారిలో ఎక్కడో ఆగిపోయింది. నా వేళ్ళకున్న పసుపంతా ఫోనుకు అంటుకుంది. ఆ మోత వింటూ ఉండగా నాకు ఇంకో గొంతు గుర్తుకొచ్చింది. "ఉన్నరా? లైన్ మీదనే ఉండుండ్రి. నేను ఈడనే ఉన్న." అది మార్తక్క గొంతు. ఆ గొంతు ఒక్కసారి మళ్ళీ వినాలని ఎంత అనిపించిందంటే, కొరియర్ వాళ్ళ మీద రావలసిన కోపం కూడా రాలేదు.

మార్తక్క నిజామాబాద్ కంఠేశ్వర్‌లో మా పక్కింటావిడ. పెళ్ళి చేసుకోలేదు. బోధన్ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఏళ్ళ తరబడి ట్రంక్ కాల్స్ కలిపే ఆపరేటరుగా పనిచేసి, చివర్లో నిజామాబాద్ వచ్చి రిటైరైంది. ఈ కాలం పిల్లలకు ట్రంక్ కాల్ అంటే ఏమిటో చెప్పాలి. వేరే ఊరితో మాట్లాడాలంటే ఎక్స్‌ఛేంజీలో నంబరు రాయించి, లైను దొరికేదాకా గంటలకొద్దీ కాచుకుని ఉండాలి. ఆ కాచుకున్న వాళ్ళకూ, ఆ దూరపు ఊరికీ మధ్య ఉన్న ఒకే ఒక మనిషి ఆపరేటరు. రిటైరయ్యాక కూడా మార్తక్కకు ఆ అలవాట్లు పోలేదు. ఇంట్లో ఫోన్ మోగితే జుట్టు సవరించుకుని, కొంగు సర్దుకుని, ఒక గుక్క నీళ్ళు తాగి అప్పుడు ఎత్తేది. ఎవరు చూస్తారని ఈ సింగారం అని నేను ఎగతాళి చేస్తే, "దువ్వుకోని నెత్తి గూడ వినబడ్తది పిల్లా" అనేది. లైన్లో గరగర వస్తే రిసీవర్‌ను గోటితో టక్ టక్‌మని కొట్టేది. దాంతో గరగర పోయేదని నేననుకోను. కానీ తను ఇంకా అక్కడే ఉన్నట్టు అవతలి వాళ్ళకు తెలిసేదట.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మా ఆయనకు బోధన్ దిక్కు ఒక చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ పని. చెరుకు ఆడినన్ని నెలలే జీతం, తర్వాత ఏది దొరికితే అది. మా అత్తమ్మ బీడీలు చుట్టేది. చేట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే మాట్లాడుతూనే కట్టలకు కట్టలు దించేది. నాకూ ఒక చేట కొని గోడకు ఆనించి పెట్టారు. నాకేమో డిగ్రీ తర్వాత నేర్చుకున్న కంప్యూటరు మీద ప్రాణం. పుణెలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఒక పాత కంప్యూటరు పంపించి, ఇంటర్నెట్లో నాకొక పేజీ తయారుచేసి పెట్టాడు. మన మార్కెట్ యార్డు పసుపు దేశమంతా పోతుంది కదా, నేను మంచి కొమ్ములు ఏరి, పొడి పట్టించి, ఇల్లిల్లుకూ నేరుగా ఎందుకు పంపకూడదు అని నా ఆలోచన. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దుకాణానికి పేరు పెట్టాం, బొమ్మ వేయించాం, కొనేవాడే లేడు. పసుపును కంప్యూటర్ల ఎవరు కొంటరని వాడకట్టంతా నవ్వింది. మా ఆయన నవ్వలేదు గానీ, చెరుకు సీజన్ మొదలయ్యేదాకా చూద్దామన్నాడు. అప్పటికీ నడవకపోతే ఆ చేట ముందు కూర్చోక తప్పదని చెప్పకుండానే తెలిసింది. ఆ చేట వైపు చూడకుండా ఇంట్లో తిరగడం నేర్చుకున్నాను.

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు కూడా ఫోను తీగలోంచే వచ్చేది. అది పెట్టుకున్నంతసేపూ ఫోన్ పలకదు. ఒకరోజు మార్తక్క మా ఇంటికి ఫోన్ చేసి చేసి విసుగొచ్చి, చివరికి గోడ మీదుగా పిలిచింది. "మనుషులకు దొరకకుండ మనుషులకు ఎట్ల అమ్ముతవు పిల్లా?" అని అడిగింది. ఆ మాటతో నా వ్యాపారంలోకి అడుగుపెట్టింది. ఇంటర్నెట్టుకు పొద్దున ఒక వేళ, సాయంత్రం ఒక వేళ పెట్టించి, మిగతా పొద్దంతా ఫోను ఖాళీగా ఉంచమంది. ఆ వేళలు పేజీ మీద రాయించింది. ఆమెకు కంప్యూటరు ముట్టుకోవాలంటే భయం. కుర్చీ కూడా కాస్త దూరంగా వేసుకునేది. అక్కడే కూర్చుని, నాకు ఈమెయిల్లో వచ్చిన ఉత్తరాలన్నీ చదివించుకునేది.

మొదటి ఉత్తరం హైదరాబాదు నుంచి ఒకావిడ రాసింది. పొడిలో వేరే ఏమైనా కలుస్తుందా అని అడిగింది. నేను మా జిల్లా గొప్ప, పసుపు గొప్ప, మా ఇంటి గొప్ప కలిపి పేజీ నిండా జవాబు కొట్టి, మురిసిపోతూ మార్తక్కకు వినిపించాను. ఆమె అంతా విని, "ఆమె అడిగిన నంబరు ఒకటి. నువ్వు ఊరంతా తిప్పుతున్నవు" అంది. మరి ఏం రాయాలని అడిగితే, పొడి పట్టించే గిర్నీలో నువ్వేం చేస్తావో అది చెప్పమంది. గిర్నీలో నేను చేసేదేముంది? నాకంటే ముందు ఎవరో మిరపకాయలు పట్టించి ఉంటారు కాబట్టి, మొదట గుప్పెడు కొమ్ములు వేయించి, ఆ వచ్చిన పొడి పారబోసి, తర్వాత మన సరుకు పట్టిస్తాను. అంతే. ఆ అంతే రాయమంది. రాశాను. హైదరాబాదావిడ మర్నాడే తెప్పించుకుంది. ఫొటోలో కనబడేది మళ్ళీ మాటల్లో చెప్పొద్దని, కనబడనిది చెప్పాలని మార్తక్క అనేది. అందుకే మా పేజీలో రంగు గురించి ఒక్క మాట ఉండదు. పొడిని తడివేళ్ళతో నలిపితే ఎలా ఉంటుందో, డబ్బా మూత తీయగానే వాసన ఎంత దూరం వస్తుందో ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆమె దగ్గర కూర్చున్నాక నాకు ఆ సామెత దుకాణదారుల కోసమే పుట్టిందేమో అనిపించేది.

పని మధ్యలో బోధన్ రోజుల కబుర్లు చెప్పేది. వాటిలో నాకు ఎప్పటికీ మరపురానిది ఒకటుంది. రుద్రూర్ దగ్గరి రైతొకాయన బొంబాయిలో కాన్పుకున్న కూతురి సంగతి కనుక్కుందామని పొద్దున్నే వచ్చి కాల్ రాయించాడట. లైను దొరకదు. ఆయన ఇంటికి పోకుండా ఎక్స్‌ఛేంజీ వరండాలోని ఫోను పట్టుకుని కూర్చున్నాడు. మార్తక్క అన్ని కాల్స్ మధ్యలోనూ తిరిగి తిరిగి ఆయన లైన్లోకి వచ్చి, "ఉన్నరా పెద్దయ్యా? ఇంక దొరుకలేదు, చూస్తున్న" అని చెప్తూనే ఉందట. చీకటి పడే వేళకు కాల్ కలిసింది, మనుమరాలు పుట్టిందని తెలిసింది. వారం తిరక్కుండానే ఆయన గానుగ దగ్గరి కొత్త బెల్లం తెచ్చి ఎక్స్‌ఛేంజీ మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. ఇది చెప్పి మార్తక్క నావైపు చూసి, "లైన్ దొరుకకపోతే మనుషులు తిట్టరు పిల్లా. ఆపరేటరు గూడ పోయిందనుకుంటే తిడ్తరు" అంది. అప్పుడు ఊకొట్టి ఊరుకున్నాను. దాని బరువు తర్వాత తెలిసింది.

చెరుకు సీజన్ దగ్గర పడింది. అప్పటికి వచ్చిన ఆర్డర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఒక గురువారం సాయంత్రం, ఇంట్లో దీపం పెట్టిన కాసేపటికి బొంబాయి దగ్గరి భివండి నుంచి ఉత్తరం వచ్చింది. మగ్గాల పనికి ఎప్పుడో ఇక్కడి నుంచి వలసపోయిన కుటుంబం. మనుమరాలి పెళ్ళికి దంచడానికి కొమ్ములు, వంటకు పొడి, పంచిపెట్టడానికి చిన్న పొట్లాలు, అన్నీ సొంతూరి పసుపే కావాలని నాయనమ్మ పంతం పట్టిందట. సోమవారానికి చేరాలి. అంత పెద్ద ఆర్డరు నేను కలలో కూడా చూడలేదు. సోమవారానికి చేరాలంటే శుక్రవారం పొద్దునే కొరియర్‌కు ఇవ్వాలి. శుక్రవారం మా ఇంట్లోంచి పసుపు బయటికి పోదు. ఏ రోజైనా దీపం పెట్టాక ఎటూ పోదు, కాబట్టి ఆ సాయంత్రమూ కుదరదు. లక్ష్మి దాంతో పాటే గడప దాటుతుందని మా అత్తమ్మ నమ్మకం. వ్యాపారం పెట్టిన రోజునే ఆమె నా దగ్గర తీసుకున్న ఒకే ఒక మాట అది.

తమ్ముడికి ఫోన్ చేస్తే, సరే పంపుతున్నామని రాసేసి శనివారం పంపు, ఆలస్యమైతే కొరియర్ మీదికి నెట్టెయ్ అన్నాడు. నా మనసు ఇంకో దారి పట్టింది. మూటలన్నీ గోడ మీదుగా మార్తక్క ఇంట్లోకి దాటించి, అక్కడి నుంచి పొద్దున పంపిస్తే? ఆమెది చర్చికి పోయే ఇల్లు, ఈ పట్టింపులు లేవు, అత్తమ్మకు తెలియనే తెలియదు. వెళ్ళి అడిగాను. మార్తక్క చేతిలో పని పక్కన పెట్టి నావైపు తిరిగింది.

"మీ అత్త చూస్తలేదు గదా అని ఈమెను, శుక్రారం పంపినట్టు భివండిల తెలువదు గదా అని ఆమెను మోసం చేస్తవా? ఇద్దరు కనబడరనే గదా నీ ధైర్యం," అంది. "కనబడనోళ్ళ తోనే బతికిన నేను. వాళ్ళకు అన్ని తెలుస్తయి. ఫోన్ చెయ్యి. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"చెప్తే ఆర్డర్ పోతది అక్కా."

"పోతే పోనియ్యి. ఆమెను లైన్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టకు."

ఆమె ఇంటి నుంచే చేశాను. మార్తక్క నా ముంగురులు పక్కకు తోసి, నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. అవతల నాయనమ్మే ఎత్తింది. శుక్రవారం సంగతంతా చెప్పాను. చాలాసేపు అటు నుంచి మగ్గాల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఆర్డరు పోయిందనే అనుకున్నాను. గోడకు ఆనించిన చేట కళ్ళ ముందు కదిలింది. మార్తక్క చెయ్యి చాచి రిసీవర్‌ను గోటితో టక్ టక్‌మని కొట్టింది.

"ఉన్న బిడ్డా," అంది ముసలామె. "మా అత్త గూడ శుక్రారం పసుపు ఇయ్యనిచ్చేది కాదు. ఈడికి వచ్చినంక గా మాట అన్నోళ్ళే లేరు." ఆమె ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. పెళ్ళికి వచ్చే మరిది శనివారం నిజామాబాద్‌లోనే బస్సు ఎక్కుతాడని, అతని చేతికి ఇమ్మని చెప్పింది. శుక్రవారం పంపి ఉంటే శుభకార్యానికి వాడేదాన్ని కాదని కూడా అంది.

శనివారం పొద్దున ఆ మూటలు మా అత్తమ్మే బొట్టు పెట్టి పంపించింది. ఆ పెళ్ళి నుంచి భివండిలో ఆ వీధి వీధంతా మా పసుపే తెప్పించుకుంది, వాళ్ళ చుట్టాల ద్వారా షోలాపూరు కూడా పాకింది. శుక్రవారం పసుపు పంపము అన్న మాట మా పేజీలో అన్నిటికంటే పైన రాయించింది మార్తక్క. తమ్ముడు వద్దంటే వద్దన్నాడు. ఇప్పటికీ ఆ వాక్యం చూసి కొన్నామని చెప్పేవాళ్ళున్నారు. నాకని కొన్న ఆ చేటలో అత్తమ్మ పసుపు కొమ్ములు ఏరేది.

కొన్నేళ్ళకు మార్తక్కకు పక్షవాతం వచ్చింది. ఒళ్ళు కొంత కోలుకుంది గానీ మాట పోయింది. చెల్లెలు వచ్చి మెదక్ తీసుకుపోయింది. దేవుడికి ఆమెలో తీసుకోవడానికి ఆ గొంతే దొరికిందా అని నేను ఆమె దేవుడితోనూ, మా దేవుడితోనూ కూడా తగువు పెట్టుకున్నాను. వెళ్ళి చూసివచ్చాక ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. చెల్లెలు రిసీవర్ ఆమె చెవి దగ్గర పెట్టేది. నేను ఒక్కదాన్నే మాట్లాడాలి. ఎవరు ఏం తెప్పించుకున్నారు, ఎవరు ఏం రాశారు, అన్నీ చెప్పి, ఏం చెప్పాలో తోచనప్పుడు "ఉన్నవా అక్కా?" అనేదాన్ని. అవతల గోరు చప్పుడు, టక్ టక్. ఆ చప్పుడు కోసం ఆదివారం దాకా బతికినట్టు ఉండేది. ఒక ఆదివారం ఉన్నవా అంటే ఊపిరి మాత్రమే వినబడింది. "లైన్ మీదనే ఉండక్కా, నేను ఈడనే ఉన్న" అని చెప్తూ కూర్చున్నాను, చెల్లెలు వచ్చి ఫోన్ తీసుకునేదాకా. తర్వాతి ఆదివారం చేయవలసిన అవసరం రాలేదు.

ఈ పూట ఆ కొరియర్ సంగీతం ఇంకా అయిపోలేదు. ఫోన్ పెట్టేసి, వేళ్ళు కడుక్కుని, జుట్టు సవరించుకుని, ఒక గుక్క నీళ్ళు తాగాను. మైసూరులో పార్సిల్ కోసం చూస్తున్నావిడ నంబరు నొక్కాను. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. మీ పసుపు ఇంకా దొరకలేదమ్మా, వెతుకుతున్నాను, దొరికేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తానని చెప్పాను. అటు నుంచి ఏ చప్పుడూ లేదు.

"ఉన్నరా?" అన్నాను, నాకు తెలియకుండానే గోటితో ఫోన్ మీద కొడుతూ.

"ఉన్నానండీ," అంది ఆవిడ.

కొత్త గొంతే. అయినా ఆ మాట వినగానే, ఎప్పటిలాగే, ఒక్క క్షణం ఇవాళ ఆదివారం అనుకున్నాను.