బాస్ ఇంట్లో క్రిస్మస్ నిషేధం

బోస్టన్ దగ్గర ఓ నిండు పండగ ఇంట్లో, ఒకే ఒక్క మాటతో ఐదుగురు పిల్లల్ని బావురుమనిపించిన ఘనుణ్ణి నేను. గొప్పలు కాదు, సాక్షులున్నారు.

ఎనభైల మొదట్లో మాట. నా గ్రీన్ కార్డ్ కాగితాలు సంతకం కోసం మా బాస్ బల్ల మీద పడున్నాయి. ఆయన డిసెంబర్ ఇరవై ఐదున మమ్మల్ని భోజనానికి పిలిచి, "మాది ప్యూరిటన్ల వంశం, తెలుసా?" అని గర్వంగా చెప్పాడు. నేను ఊరుకుంటానా? లైబ్రరీకి పరుగెత్తాను. మూడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి వచ్చి స్థిరపడ్డ ఆ భక్తాగ్రేసరులు ఇక్కడ క్రిస్మస్‌నే నిషేధించారట! బైబిల్లో లేని పండగట, తాగి తందనాలాడడానికి సాకట. చేసుకుంటే జరిమానా! నాకు ఒళ్ళు పులకరించింది. అచ్చం మా తాతగారి మడీ ఆచారమే!

"ఏవండీ, వాళ్ళింట్లో పిల్లలకి గిఫ్ట్స్ కొందామా?" అంది మా ఆవిడ సుజాత.

"అయ్యో పిచ్చిదానా! వాళ్ళకి క్రిస్మస్ చేయడమంటే మనం ఏకాదశినాడు బిర్యానీ వండినట్టు. ఆ జరీ చీర కూడా వద్దు. నల్లది కట్టుకో."

"భోజనానికి పిలిస్తే నల్లచీరా? మా అమ్మ వింటే చంపేస్తుంది."

"గ్రీన్ కార్డ్ కావాలా, వద్దా?"

చేతులూపుకుంటూ వెళ్ళాం. తలుపు తీయగానే కప్పునంటిన చెట్టు, దాని నిండా దీపాలు, కింద గుట్టగా గిఫ్టులు. రెండింటి మీద మా పేర్లు! బుద్ధున్నవాడైతే అక్కడే నోరు మూసుకునేవాడు. నేను మాత్రం బాస్ దారి తప్పాడని తెగ కంగారుపడ్డాను.

"సార్, మీ ముత్తాతలు చూస్తే ఊరుకోరు! మీ వంశంలో క్రిస్మస్ నేరం!"

బాస్ మనవరాలు ఎమ్మాకి ఐదేళ్ళు. "అయితే శాంటా తాతని జైల్లో పెడతారా?" అని రాగం తీసింది. మిగతా నలుగురూ అందుకున్నారు. సుజాత నావైపు చూసిన చూపు ఇక్కడ రాయదగ్గది కాదు.

బాస్ నన్ను వంటగదిలోకి లాక్కెళ్ళాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"సంతకం కావాలా?"

తలూపాను.

"అయితే ఇది వేసుకో."

ఎర్రకోటు, తెల్లగడ్డం, పొట్టకి దిండు! శాంటా తాతనై గదిలో అడుగుపెట్టగానే ఎమ్మా ఎగిరి నా మెడ పట్టుకుని చెవిలో గుసగుసలాడింది.

"తాతా, త్వరగా పారిపో! ఆ ఇండియా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నిన్ను పట్టిస్తాడు!"

సంతకం మర్నాడే అయింది. ఆ దొంగ గడ్డం మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకెవరింటికి భోజనానికి వెళ్ళినా, వాళ్ళ వంశాచారం వాళ్ళకి నేర్పను.