మా దుకాణం గడపలో ఫౌజీ

మొన్న శ్రావణమాసానికి ముందు మా అమ్మాయి కొత్త షోరూముకు తుపాకీ కాపలాదార్లను పెట్టుకుందామని హైదరాబాదు నుంచి ఒక ఏజెన్సీ మనిషిని పిలిపించింది. ఆయన ఇద్దరు మనుషుల్ని మా ముందు నిలబెట్టి, వాళ్ళ ఎత్తు, ఛాతీ కొలత, తుపాకీ ఏ రకం, లైసెన్సు ఎప్పటిదాకా ఉంది, అన్నీ చేతిలోని కాగితం చూసి ఒక్కొక్కటే చదివాడు. మా అమ్మాయిది తప్పని అనను, అంత బంగారం అద్దాల్లో పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళం కూర్చునే చోట జాగ్రత్త ఉండాల్సిందే. కానీ మూలన కుర్చీలో కూర్చుని వింటున్న నాకు మాత్రం మనసు అక్కడ నిలవలేదు. పాతికేళ్ళ కిందట ఇదే నిజామాబాదు బజారులో, ఇంతకంటే చాలా చిన్న దుకాణంలో, మేము మొదటిసారి తుపాకీ మనిషిని పెట్టుకున్న రోజుల్లోకి వెళ్ళిపోయింది.

అప్పటికి మా ఆయన పోయి ఏడాది కాలేదు. ఆయన కూర్చున్న చోట, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద, తల మీద కొంగు సర్దుకుంటూ నేను కూర్చోవడం మొదలుపెట్టాను. మీకు గుర్తుండే ఉంటుంది, పసుపు అమ్మకాల రోజుల్లో మార్కెట్ యార్డు నుంచి రైతు కుటుంబాలు సరాసరి బంగారం దుకాణాలకే వచ్చేవి. వాళ్ళు నగలు పట్టుకుని చూశాక మా ఎర్ర మఖమలు పళ్ళాల మీద పసుపు వేలిముద్రలు పడేవి, ఎంత దులిపినా పోయేవి కావు. వర్ని దిక్కు కాలువ కింద స్థిరపడిన కోస్తా ఆడవాళ్ళు నానుతాడు అడిగితే మావాళ్ళు పుస్తెలతాడు అడిగేవారు. తాడు ఒక్కటే, పేరే రెండు.

అలాంటి రోజుల్లో పక్క ఊళ్ళో ఒక దుకాణాన్ని పట్టపగలే దోచుకున్నారన్న మాట వచ్చింది. మా మరిది, అన్న పోయిన దుఃఖం తీరని మనిషి, వదిన ఒక్కతే కూర్చుంటోంది కాబట్టి తుపాకీ ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. మామగారు ఒప్పుకోలేదు. మన దగ్గరికి వచ్చేది పొలం పని చేసుకునే ఆడవాళ్ళు, గడపలో తుపాకీ కనబడితే మెట్టెక్కుతారా అని ఆయన వాదన. నాలుగు రోజులు ఇంట్లో ఇదే మాట నడిచి, చివరికి ఆయన దిగివచ్చారు.

ఆ కాపలా పనికి ముగ్గురు వచ్చారు. మొదటివాడు తన గురి గురించి గంట చెప్పాడు. రెండోవాడు మీసం మీద నుంచి చెయ్యి తీయలేదు. మూడో మనిషి సిరికొండ అవతల అడవి పక్క ఊరి నుంచి బస్సులో వచ్చాడు, సైన్యంలో చేసి దిగిపోయినవాడు, యాభై దాటినవాడు, రెండు గొట్టాల తుపాకీని గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. అతను జీతం సంగతి ఎత్తకుండా మా మామగారిని ఒకటే అడిగాడు.

“గిరాకీ ఏ ఊర్లోళ్ళు వస్తరు సేటూ? నేను ఎవర్ని సూసి ఊకోవాలె, ఎవర్ని ఆపాలె, గది ముందుగాల ఎరుక జేసుకోవాలె గదా.”

మామగారు చందూరు, వర్ని, బోధన్ అంటూ ఊళ్ళపేర్లు చెప్పుకుంటూ పోయారు, అతను వింటూ కూర్చున్నాడు. అంతే, ఆ రోజే కుదిరిపోయాడు. ఊరంతా ఫౌజీ అంటే నేను అన్నా అనేదాన్ని, అతను నన్ను సేటమ్మా అనేవాడు. తుపాకీని కుర్చీ వెనక నిలబెట్టి, వచ్చినవాళ్ళ సంచీలు అందుకుని పక్కన పెట్టేవాడు. నెల తిరిగేసరికి ముసలమ్మలు నగలు కొన్నా కొనకపోయినా అతని దగ్గర కాసేపు కూర్చుని పోయేవారు.

చెరకు కొట్టే కాలంలో ఒక మధ్యాహ్నం, నాలుగేళ్ళ ఆడపిల్ల దుకాణం ముందు నిలబడి గుక్కపట్టి ఏడుస్తోంది. ఫౌజీ అన్న ఎత్తుకుని లోపలికి తెచ్చి నా పక్కన కూర్చోబెట్టాడు. ఆ పిల్లకు మరాఠీ తప్ప రాదు, అతనికి ఫౌజులో నేర్చిన మరాఠీ ఉంది. చెరకు కొట్టడానికి బోధన్ దిక్కుకు వచ్చిన వాళ్ళ బిడ్డ, తల్లిదండ్రులతో బజారుకు వచ్చి తప్పిపోయిందని తెలుసుకున్నాడు. నేను బిస్కెట్ ఇస్తే ఏడుపు ఆపి తింటోంది.

ఇంతలో బయట గోల. ఎవరో ఆ తండ్రికి, తుపాకీ పట్టుకున్నవాడు నీ బిడ్డను ఎత్తుకుపోయిండని చెప్పారట. మనిషి చెరకు కొట్టే కత్తి చేతిలో పట్టుకుని, అరుచుకుంటూ మా మెట్ల మీదికి వస్తున్నాడు. లోపలున్న ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఫౌజీ అన్న తుపాకీ అందుకున్నాడు.

“కాల్చు ఫౌజీ, చూస్తవేంది!” అని మా మరిది గొంతు చించుకున్నాడు.

అతను ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నావైపు తిరిగి, “పట్టుకో సేటమ్మా” అని ఆ తుపాకీని నా చేతుల్లో పెట్టేశాడు. జీవితంలో తుపాకీని తాకని దాన్ని, రోకలిని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అతను వట్టి చేతులు చూపిస్తూ గడప దాటి, మరాఠీలో మెల్లగా ఏదో అంటూ ఒక్కో మెట్టే దిగాడు. కత్తి అతని భుజానికి జానెడు దూరంలో ఆగింది. పక్కకు జరిగి లోపల పిల్లను చూపించాడు. బిస్కెట్ పట్టుకుని కూర్చున్న బిడ్డను చూశాక ఆ తండ్రి కత్తి జారవిడిచి, మెట్ల మీదే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

వాళ్ళు వెళ్ళాక మా మరిది ఊరుకోలేదు. తుపాకీ ఆడమనిషికిచ్చి పోయేవాడు మనకెందుకు, ఇవాళే పంపించేద్దామన్నాడు. మరిది కోపంలో నాకు భయమే ఎక్కువ కనబడింది పాపం. మామగారు నావైపు చూసి, “నీ చేతికిచ్చిండు గదా బిడ్డా, నువ్వే చెప్పు” అన్నారు. దుకాణంలో నన్ను నిర్ణయం అడగడం అదే మొదటిసారి. నేను ఫౌజీ అన్నను ఒకటే అడిగాను, అందులో తూటాలు ఉన్నాయా అని.

“ఉన్నయి సేటమ్మా, రెండు. గందుకే నీకిచ్చిన. నా చేతుల ఉంటే ఏం జేద్దునో నాకే ఎరుక లేదు.” మళ్ళీ తనే, “ఫౌజుల ఒక్కపారి తొందరపడ్డ. గది ఇప్పటికీ నన్ను ఇడువది” అన్నాడు.

ఉండనీ మామా, అన్నాను.

తర్వాత తొమ్మిదేళ్ళు ఉన్నాడు. ఎన్నికలొస్తే రూలు ప్రకారం తుపాకీ పోలీస్ స్టేషన్లో అప్పగించి, చేతికర్రతో వచ్చి అదే కుర్చీలో కూర్చునేవాడు. ఆ రోజుల్లోనూ మాకు ధైర్యం తగ్గలేదు. మా మరిదే కొన్నాళ్ళకు మధ్యాహ్నం అతనితో కలిసి అన్నం తినడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల తండ్రి పనికి వచ్చిన ప్రతి ఏడూ నాలుగు చెరకు గడలు తెచ్చి ఫౌజీ అన్నకు ఇచ్చిపోయేవాడు. ఆ దిక్కున చెరకు తగ్గాక రావడం మానేశాడు, ఎక్కడున్నాడో. కళ్ళు మసకబారాక ఫౌజీ అన్న తనంతట తానే వచ్చి, ఇక నాకు మనుషులు ఆనడం లేదు సేటమ్మా అని సెలవు తీసుకున్నాడు. అతను చనిపోయినప్పుడు నేనూ మా మరిదీ సిరికొండ దాటి వాళ్ళ ఊరికి వెళ్ళాం. దుకాణం ఆ రోజు తెరవలేదు.

ఇప్పుడు మా అమ్మాయి పెట్టుకున్న ఇద్దరూ మంచివాళ్ళలాగే ఉన్నారు. నీలం బట్టలు, నల్ల బూట్లు, గాజు తలుపుకు అటొకరు ఇటొకరు. మూడు నెలలకోసారి మనుషుల్ని మారుస్తారట, ఒకేచోట ఉంటే జనంతో పరిచయాలు పెరుగుతాయని, అది మంచిది కాదని ఏజెన్సీ మనిషి చెప్పాడు. బహుశా ఈ కాలానికి అదే సరైనదేమో, నాకు తెలియదు. మా కాలంలో ఆ పరిచయాన్నే కాపలా అనుకున్నాం. వాళ్ళు చేరిన రోజే, ఏజెన్సీ మనిషి ఇంకా అక్కడ ఉండగానే, ఉండబట్టలేక, ఇద్దరిలో పెద్దవాడిలా కనబడ్డ అతని దగ్గరికి వెళ్ళి, అన్నం తిన్నావా నాయనా అని నాకు వచ్చిన హిందీలో అడిగాను. అతను జవాబు చెప్పవచ్చో లేదోనని ముందు ఏజెన్సీ మనిషి ముఖం వైపు చూశాడు.