చిన్నమ్మ పంటి తొడుగు

మొన్న సిద్దిపేటలో నా దవడ పన్నుకు తొడుగు వేయబోతూ ఆ చిన్న వయసు డాక్టరమ్మ, గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు పుండ్లవుతాయా అమ్మా అని అడిగింది. పంటి నొప్పితో వచ్చినదాన్ని చెవుల సంగతి అడుగుతుందేమిటని నవ్వొచ్చింది. కొన్ని తొడుగుల లోహంలో నికెల్ కలుస్తుందనీ, గిల్టు నగల్లోనూ అదే ఉంటుందనీ, ఒంటికి పడనివాళ్ళకు ఏళ్ళ తరబడి నోరు పూసి చిగుళ్ళు చెడవచ్చనీ ఆమె విడమరిచి చెప్పేసరికి నా నవ్వు ఆగిపోయింది. మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. భర్త భీవండికి మరమగ్గాల పనికి పోతే, దుబ్బాకలో మా ఇంట్లోనే ఉండి మగ్గానికి కండెలు చుట్టేది. జాతరలో ముచ్చటపడి గిల్టు కమ్మలు కొనుక్కునేది, పెట్టుకున్న మర్నాటికల్లా తమ్మెలు రసి కారేవి. దీనివి దొరసాని చెవులని అమ్మమ్మ ఎగతాళి చేసేది, మేమంతా వంత పాడేవాళ్ళం. కమ్మలు తీసి వేపపుల్లలు గుచ్చితే మానిపోయేవి కనుక అది ఒక జబ్బని ఎవరికీ తట్టలేదు.

తొంభైల మొదట్లో ఆమె దవడ పన్ను పుచ్చితే సిద్దిపేట బస్టాండు దగ్గరి పండ్ల డాక్టరు తెల్లని లోహపు తొడుగు వేశాడు. అది మెరుస్తుంటే వాడకట్టులో అందరికీ నోరు తెరిచి చూపించుకుంది పిచ్చితల్లి. కొన్నాళ్ళకే నోట్లో మంట మొదలైంది. పచ్చిమిర్చి తొక్కుతో జొన్నరొట్టెలు లాగించే మనిషి పెరుగన్నం కూడా కండ్లనీళ్ళు పెట్టుకుంటూ మింగేది. వేడి చేసిందని సబ్జా గింజలు తాగించాం, వెన్న రాశాం. మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్తే తొడుగును కదిలించి చూసి, "గిది గట్టిగనే ఉంది బిడ్డా, నీ వొంట్లనే వేడి ఉంది" అని పంపేశాడు. ఆయనకు తెలిసింది అంతే. మరి చెవులు రసి కారితే కమ్మలు తీసేయాలని తెలిసిన మాకు ఏమైంది? తొడుగు తీయించుకుంటానని ఆమె ఒకసారి నోరు తెరిచి అడిగింది కూడా. "మంచిగున్నదాన్ని ఎవలన్న పీకిచ్చుకుంటరా, నవ్వుతరు" అంది అమ్మ. ఆ తర్వాత చిన్నమ్మ ఆ మాట ఎత్తలేదు.

అలా తినీ తినకా కట్టెలా ఎండిపోయింది. చివరికి ఒక వానాకాలం జ్వరం వచ్చి కన్నుమూసింది. ప్రాణం తీసింది ఆ తొడుగేనని నేననను, మొన్న డాక్టరమ్మ కూడా అనలేదు. కానీ ఎదుట అన్నం ఉండీ, కడుపులో ఆకలి ఉండీ తినలేని ఆ ఏండ్లు ఎవరి ఖాతాలో వేయాలో నాకిప్పటికీ తెలియదు.

పోయినవాళ్ళ నోట్లో ఇంత బంగారం పెట్టడం మా దిక్కు ఆచారం. అమ్మ తన ముక్కుపుల్ల తీసి ఇచ్చింది. అది పెట్టడానికి అమ్మమ్మ చిన్నమ్మ నోరు తెరిస్తే తొడుగు చెక్కుచెదరలేదు, దాని చుట్టూ చిగురు మాత్రం నల్లగా కుళ్ళి ఉంది. ఇప్పుడు ఊరూరా పంటి దవాఖానలొచ్చాయి, పింగాణీ తొడుగులొచ్చాయి, వేసేముందు అడిగేవాళ్ళూ వచ్చారు. సంతోషమే. మేము మాత్రం బతికినన్నాళ్ళూ మండుతున్న నోటిని వేడని సరిపెట్టి, చచ్చాక అందులో బంగారం పెట్టాం.